ఈస్టర్ టేపులు

స్ట్రాండ్ బీచ్ ఎదురుగా ఆగి ఉన్న తెల్ల వ్యానులో చీఫ్ మ్లుంగిసి వేయించిన చేప ముక్కలు తింటున్నాడు. చేతులు తుడుచుకుని ఒక ఫొటో తీసి డాష్‌బోర్డు మీద పెట్టాడు.

"ఈయన ఇక లేడక్కా."

ఫొటోలో బట్టతల మనిషి. తెల్లవాళ్ళ పాత ప్రభుత్వం రహస్యంగా అణుబాంబులు చేయించిన రోజుల్లో ఆ కర్మాగారంలో ఇంజనీరు. తర్వాత బాంబుల్ని విప్పేశారు, కర్మాగారానికి తాళం వేశారు. మనుషుల తలల్లో ఉన్నదాన్ని మాత్రం ఎవరూ విప్పలేకపోయారు. ఆ తలల కోసం విదేశీ ముఠా ఒకటి తిరుగుతోంది. ఫిబ్రవరిలో గోర్డన్స్ బే హార్బరులో ఈయనకి టీలో మత్తు కలిపి ఇచ్చి పడవలో ఎత్తుకుపోయింది. దారిలో మెలకువ వచ్చి పెనుగులాడి ఉంటాడు. వారానికి శవం ఒడ్డుకు కొట్టుకొచ్చింది.

ఏజెంట్ రుగయ్యా సామ్సోడిన్ ఆ ఫొటో వైపు ఒక్కసారే చూసింది. ఈయనకి తల్లి ఉందా అని అడగబోయి ఊరుకుంది.

మ్లుంగిసి బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. ముఠా తర్వాతి టార్గెట్ డాక్టర్ కోబస్. అదే కర్మాగారంలో ఇరవై ఏళ్ళు చేసిన శాస్త్రవేత్త. ఇప్పుడు మకాసర్ ఊరి పక్క, ప్రోటాన్లని వేగంగా తిప్పి వదిలే సైక్లోట్రాన్ యంత్రం ఉన్న కేంద్రంలో ఎవరికీ హాని లేని పరిశోధన చేసుకుంటున్నాడు. ముఠా రెండుసార్లు పిలిచింది, రానన్నాడు. ఈస్టర్ సెలవుల్లో ఎత్తుకుపోతారు. ఎక్కడికి పడవ రావాలో ఆ కేంద్రం లోపలి నుంచే, ప్రయోగం అంకెల్లో కలిపి, ఎవరో కబురు పంపుతున్నారు. ఆ అంకెలు గంటగంటకీ కంప్యూటర్ లైను మీద విదేశాలకి వెళ్తాయి. అక్కడ ముఠా మనిషి చదువుకుంటాడు.

"ఇదంతా మనకి చెప్పింది ఎవరు?" అని అడిగింది రుగయ్యా.

ఇల్సె అని, యూరప్ నుంచి వచ్చిన శాస్త్రవేత్త అని చెప్పాడు మ్లుంగిసి. ముఠాలో ఉంటూనే మన డిపార్ట్‌మెంటుకి పనిచేస్తోందట. ఆదివారం సాయంత్రం పడవ మళ్ళీ గోర్డన్స్ బే హార్బరుకే వస్తుందని ఆవిడే చెప్పిందట. మన మనుషులంతా అక్కడే కాపు కాస్తారు.

రుగయ్యా ఈ ఉద్యోగంలో నన్ వేషం వేసింది, చేపలమ్మి వేషం వేసింది, ఒక మంత్రిగారింట్లో ఆరు నెలలు వంట చేసింది. ఈసారి ఏ వేషమని అడిగితే మ్లుంగిసి సముద్రం వైపు చూశాడు.

"నీ వేషమే. ఫాల్దీలా వాళ్ళమ్మవి. అన్నం పట్టుకెళ్ళు."

ఫాల్దీలా రుగయ్యా ఒక్కగానొక్క కూతురు. డాక్టర్ కోబస్ దగ్గరే పరిశోధన చేస్తోంది. అమ్మ మసాలా దినుసుల హోల్‌సేల్ పని మీద ఊళ్ళు తిరుగుతుందని ఆ పిల్ల నమ్మకం.

"కబురు పంపేది ఎవరి చెయ్యో ఆ కేంద్రం కంప్యూటర్ టేపుల్లో దొరుకుతుంది," అన్నాడు మ్లుంగిసి. "మంగళవారం మధ్యాహ్నం వచ్చి టేపులు పట్టుకుపోతాను. ఎవరైనా సరే అరెస్టే. ఎవరైనా."

ఆ రెండోసారి అన్న మాట రుగయ్యాకి చేపముల్లులా గొంతులో ఉండిపోయింది. ఆమె మొగుడు పదేళ్ళ కిందట, గొడవల రోజుల్లో, రొట్టె తెస్తానని సందు చివరిదాకా వెళ్ళి పోలీసు తూటాకి పోయాడు. అప్పటినుంచీ ఎవరు చెప్పులు వేసుకున్నా ఆమెకి ముందు కీడే తోస్తుంది.

*

మామూలు రోజుల్లో ఆ యంత్రం రోగులది. కంతులున్నవాళ్ళకి దాని కిరణాలతో వైద్యం చేస్తారు. ఈస్టర్ నాలుగు రోజులూ వైద్యం ఉండదు కాబట్టి ఏడాదంతా కాచుకున్న శాస్త్రవేత్తలకి అప్పుడు దొరుకుతుంది. సరిగ్గా ఆ నాలుగు రోజులే పక్కన ఇసుక దిబ్బల మీద షేక్ యూసుఫ్ దర్గా దగ్గర జనం గుడారాలు వేస్తారు. రుగయ్యా కూడా వేసింది. డిపార్ట్‌మెంటు ఇచ్చిన బుల్లి పెట్టెని మిఠాయి టిన్నులో అడుగు కింద దాచి, పైన కోసిస్టర్లు పేర్చింది. యాలకులు, నారింజ తొక్క వేసి కాచి, పాకంలో ముంచి కొబ్బరి చల్లినవి. గేటు దగ్గర గార్డు టిన్ను మూత తీసి రెండు తిని లోపలికి పంపాడు.

శనివారం మధ్యాహ్నం కౌంటింగ్ రూములో ఫాల్దీలా తెరల ముందు కూర్చుని ఉంది. రెండు రోజుల నుంచి జుట్టు దువ్వినట్టు లేదు.

"నోరు తెరు. టమాటా మాంసం."

"అమ్మా, లెక్క నడుస్తోంది."

"లెక్కపెట్టేది మిషనే కదా. నువ్వు నమలడానికేం?"

పక్క కుర్చీలో ఉన్న మనిషి నవ్వింది. ఇల్సె ఆవిడే. వెండి రంగు పొట్టి జుట్టు, ఎర్ర కోటు, గది నిండా సెంటు వాసన. నన్ను కూడా దత్తత తీసుకోండి ఆంటీ అంటూ చేత్తోనే అన్నం కలుపుకుని తిన్నది. ఫాల్దీలా ఆవిడ వైపు చూసే చూపు రుగయ్యా గమనించింది. చిన్నప్పుడు తండ్రి వైపు అలాగే చూసేది. కొత్త సిద్ధాంతాల గురించి కాసేపు ఏదో మాట్లాడి, ఇల్సె సిగరెట్టుకి బయటికి వెళ్ళింది.

నువ్వు చేసేది ఏంటో నాకు అర్థమయ్యేలా ఒకసారి చెప్పమని కూతుర్ని అడిగింది రుగయ్యా. ఆ ప్రశ్న కోసమే మూడేళ్ళుగా కాచుకున్నట్టు ఫాల్దీలా స్పూను కింద పెట్టింది. ప్రోటాన్లు బొంగరాల్లాంటివట. మామూలుగా ఒక్కొక్కటి ఒక్కో వైపు తల పెట్టి తిరుగుతాయి. ఇక్కడ వాటన్నిటికీ తల పైకి ఉండేలా చేసి సీసపు రేకు మీదకి వదులుతారు. తల పైకి ఉన్నవి ఎడమకి ఎక్కువ చెదురుతాయి. తల కిందికి తిప్పితే కుడికి ఎక్కువ. ఆ ఎడమకీ కుడికీ ఉన్న తేడాలోనే అణువు కడుపులో ఏ బలం ఎలా ఉందో తెలుస్తుంది.

"పైకీ కిందికీ తిప్పే మీట నా చేతిలోనే ఉంటుంది. ఈ కోణాల్లో ఇంతవరకూ ఎవరూ కొలవలేదమ్మా. నేనే మొదటిదాన్ని."

"మధ్యలో ఎవరైనా తప్పు నొక్కితే?"

ఫాల్దీలా తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. ఇది డాక్టర్ కోబస్‌కి కూడా చెప్పకూడదంది. శాస్త్రవేత్తకి పెద్ద శత్రువు తన ఆశేనట. ఏ జవాబు రావాలని కోరుకుంటాడో అంకెల్లో అదే కనపడుతుంది. అందుకని లెక్క కట్టేవాళ్ళకి తెలియకుండా మధ్యలో ఒక అబద్ధం కలుపుతారు. దాన్ని పట్టుకుంటే వాళ్ళ లెక్క నిజాయితీగలది. ఆ పరీక్ష ఇల్సె పెడుతోంది. ఏ రోజు ఏమి నొక్కాలో తనే చెబుతుంది.

"ఇంతమందిలో నన్ను నమ్మి నాకే అప్పగించింది," అంది ఫాల్దీలా. మొహం వెలిగిపోతోంది. "ఫిబ్రవరిలో యంత్రాన్ని సరిచూసుకోడానికి ఒక రాత్రి ఇచ్చినప్పుడు వరసగా కిందికి నొక్కమంది. రేపు మూడింటికి వరసగా పైకి."

ఫిబ్రవరి. రుగయ్యాకి చేతిలో గిన్నె బరువెక్కింది. ఆ బట్టతల మనిషిని నీళ్ళలోకి పంపిన చెయ్యి ఆమె కళ్ళెదుటే ఉంది. గోళ్ళ నిండా సిరా మరకలు, చూపుడు వేలికి చిన్నప్పుడు కత్తిపీటకి తెగిన గాటు. నిజాయితీ పరీక్ష అనుకుని నొక్కింది. ఈ పిల్లలు అబద్ధాన్ని కూడా నిజాయితీ కోసమే ఆడతారు. అది తెలిసినవాళ్ళకి వీళ్ళని ఆడించడం ఎంతసేపు?

ఫాల్దీలా ఇదేమీ ఎరగక నిండిన టేపు తీసి గోడనున్న కుడి అరలో పెట్టింది. అసలు కొలతలన్నీ, మీట ఎప్పుడు ఎవరు నొక్కారో సహా, ఈ టేపుల్లోనే ఉంటాయట. బయటికి వెళ్ళేది టూకీ లెక్క మాత్రమే. కుడి అర దాచుకునే టేపులకి, ఎడమ అర మళ్ళీ వాడుకునేవాటికి. మంగళవారం ఆఫీసు తెరవగానే ఎడమ అరలో ఉన్నవన్నీ అయస్కాంతం మీద పెట్టి చెరిపేస్తారు. ఎవరినీ అడగరు.

"రేపు సాయంత్రం మన గుడారంలో ఇంకో ఇద్దరికి వండమ్మా. ఇల్సె డాక్టర్‌గారిని క్యాంపుకి తీసుకొస్తానంది. పాపం, ఒంటరివాడు కదా."

*

దర్గా దగ్గర కొట్లోంచి రుగయ్యా ఫోన్ చేసింది. కోడ్ మాటల్లోనే చెప్పింది. యాలకుల బస్తా, అంటే పడవ, హార్బరుకి రావడం లేదు, ఇక్కడికే, మకాసర్ బీచికే వస్తోంది. ఫిబ్రవరి కబురు కిందికి, అప్పుడు హార్బరు. ఈసారి కబురు పైకి. హార్బరే అయితే మాట ఎందుకు మారుతుంది? మనిషిని సముద్రం పక్క గుడారాల్లోకి ఎందుకు తెస్తుంది? మీ ఇల్సె మీకు అబద్ధం చెప్పింది.

నొక్కేది ఎవరో మాత్రం చెప్పలేదు.

మ్లుంగిసి ఓపిగ్గా విన్నాడు. ఇల్సె ఇంతవరకూ ఒక్క తప్పు కబురు ఇవ్వలేదన్నాడు. ఒక తల్లి అనుమానం మీద ముప్పైమందిని కదపలేనన్నాడు.

"మొన్న మీ పిల్ల బస్సు అరగంట లేటయితే నాలుగు ఆసుపత్రులకి ఫోన్ చేశావక్కా. నీ భయాన్ని నమ్ముకుంటే నేను సముద్రం చుట్టూ గోడ కట్టాలి."

ఫోన్ పెట్టేసి ఆమె చాలాసేపు కొట్టు ముందు బల్ల మీద కూర్చుంది. మనుషుల్ని బీచికి తేలేకపోతే, పడవని హార్బరుకి పంపాలి. టిన్ను అడుగున ఉన్న పెట్టెని కౌంటింగ్ రూము తీగకి తగిలిస్తే దాంట్లో వెళ్ళే సంకేతాలు వినిపిస్తాయి. దాని పక్కన ఒక చిన్న మీట ఉంది. అది తిప్పితే పైకి అన్నది కిందికి అని వెళ్తుంది. అవసరమైతే తప్ప ముట్టుకోవద్దని మ్లుంగిసి చెప్పాడు.

*

ఆదివారం మూడింటికి కొంచెం ముందు రుగయ్యా టిన్ను పట్టుకుని ప్రోటాన్లు పుట్టే గదిలోకి వెళ్ళింది. అక్కడ కాపలా ఉండేది డాక్టర్ కోబసే. పంపుల హోరులో ఉన్ని టోపీ పెట్టుకుని కునికిపాట్లు పడుతున్నాడు. కోసిస్టర్లు చూసి లేచి కూర్చున్నాడు. షుగరుందని డాక్టర్లు వద్దన్నారని చెబుతూనే ఒకటి తీసుకున్నాడు.

అతను కళ్ళు మూసుకుని నములుతుంటే రుగయ్యా వెనక్కి జరిగింది. కౌంటింగ్ రూముకి వెళ్ళే నీలం తీగ గోడవారగా ఉంది. పెట్టె తీసింది. పిన్ను రంధ్రంలో దూరడం లేదు.

"ఇరవై ఏళ్ళు తాళాలేసిన గదుల్లో పనిచేశానమ్మా," అన్నాడు కోబస్ ఆమె వెనక నుంచి. "తీగ మీద చెయ్యి వేసేవాళ్ళ భుజాలు ఎలా ఉంటాయో నాకు తెలుసు. ఎవరి మనిషివి?"

రుగయ్యా తిరిగి చూడలేదు. "ఫాల్దీలా వాళ్ళమ్మని."

"అది ఎవరి తరఫు?"

"ఈ సాయంత్రం మిమ్మల్ని క్యాంపుకి పిలిచినావిడ మీ టీలో మత్తు కలుపుతుంది. అది తాగితే మీరు పడవలో లేస్తారు. ఫిబ్రవరిలో మీ స్నేహితుడు లేచినట్టు."

గోడ మీది స్పీకరులో ఫాల్దీలా గొంతు పలికింది. డాక్టర్‌గారూ, ఇంకో నిమిషంలో తిప్పుతున్నాను అంది.

కోబస్ లేచి వచ్చాడు. పంచదార అంటిన వేళ్ళు కోటుకి తుడుచుకుని ఆమె చేతిలోంచి పెట్టె తీసుకున్నాడు. "వాడిది నా పక్క బల్ల," అన్నాడు. "కాఫీలో ఉప్పు వేసేవాడు, నన్ను ఏడిపించడానికి." పిన్ను దూరింది. మీట తిప్పాడు. అదే క్షణాన పెట్టె మీద ఎర్ర దీపం వెలిగింది. అవతల గదిలో ఫాల్దీలా పైకి, పైకి అని నొక్కుతోంది. తీగలో కిందికి, కిందికి అని వెళ్తోంది.

ఆ వరస అయిపోయాక కోబస్ పెట్టె పీకి జేబులో వేసుకున్నాడు. ఆ పిల్ల కొలత పాడవకూడదని, ఇలాంటి కొలత తన జీవితంలో చూడలేదని చెప్పాడు. రుగయ్యా తలూపింది.

*

పొద్దు వాలుతుంటే గుడారాల మధ్య పొయ్యిలు వెలిగాయి. ఫాల్దీలా లెక్క వదిలి రాలేకపోయింది. టీ కాచింది రుగయ్యాయే. ఇల్సె కోటు చేతిలోంచి కోబస్ కప్పులో పడ్డ చుక్కలు ఆమె కంటపడ్డాయి. కప్పులు అందించేటప్పుడు ఆ కప్పుని ఇసుకలో ఒలకబోసి వేరేది పెట్టింది. ముసలాయన తాగాడు, తల తిరుగుతోందని చక్కగా నటించాడు. గాలి పీల్చుకుందాం రమ్మని ఇల్సె ఆయన్ని దిబ్బ దాటించింది.

సముద్రం బూడిద రంగులో ఉంది. దూరంగా ఒక పడవ దీపం. ఇల్సె టార్చి తీసి మూడుసార్లు వెలిగించింది. రుగయ్యా దిబ్బ మీద బోర్లా పడుకుని చూస్తోంది. దీపం ఒడ్డు వైపు తిరిగితే, అక్కడ కాపలా ఉన్నది తను ఒక్కతే. దీపం ఆగింది. మెల్లిగా ఎడమకి జరిగింది. కొండ వైపు, గోర్డన్స్ బే వైపు వెళ్ళిపోయింది.

ఇల్సె వెనక్కి తిరిగేసరికి రుగయ్యా నిలబడి ఉంది. ఇల్సె చేతిలో లిప్‌స్టిక్ ఉంది, దాని మొనకి సూది.

"మీరా ఆంటీ," అంది ఇల్సె. ఆశ్చర్యపోయినట్టు లేదు, అలిసిపోయినట్టుంది. "నన్ను పట్టిస్తే మొదట బయటికొచ్చేది మీ అమ్మాయి పేరే. రెండుసార్లూ నొక్కింది తనే. టేపులో ఉంటుంది."

"తెలుసు."

"తెలిసీ వచ్చారా?"

వెనక నుంచి కోబస్ ఇల్సె మోచెయ్యి పట్టుకున్నాడు. ఆవిడ అటు తిరిగిన రెప్పపాటులో రుగయ్యా ఆవిడ మణికట్టు మెలిపెట్టింది. సూది ఆవిడ తొడలోనే దిగింది. ఎర్ర కోటు ఇసుకలో మోకాళ్ళ మీద కూలబడింది. రుగయ్యా స్కార్ఫు పిన్నులో ఉన్న రేడియో కిచకిచమంది. పడవనీ, అందులో నలుగురినీ హార్బరులో పట్టుకున్నారు. నువ్వన్నది తప్పు, ఇల్సె చెప్పిందే నిజమైంది అన్నాడు మ్లుంగిసి సంబరంగా.

మీ ఇల్సె ఇక్కడ నిద్రపోతోంది, జీపు పంపమంది రుగయ్యా.

*

సోమవారం మధ్యాహ్నానికి ప్రయోగం అయిపోయింది. ఫాల్దీలా చివరి టేపుని కుడి అరలో పెట్టి, బల్ల మీద తల ఆన్చి అలాగే నిద్రపోయింది. నోరు కొంచెం తెరిచి, పసిపిల్లలా. ఇల్సెని ఎందుకు పట్టుకుపోయారో దానికి ఎవరూ చెప్పలేదు, వీసా గొడవ అన్నారు.

రుగయ్యా కూతురి భుజం మీద శాలువా కప్పింది. రేపు మధ్యాహ్నం మ్లుంగిసి వస్తాడు. టేపులు ఉంటే ఆ చెయ్యి ఎవరిదో తేలుతుంది. లేకపోతే అది ఇల్సె నోటిమాట మాత్రమే, ఆ నోటిని ఎవరూ నమ్మరు. కోర్టు వదిలేసినా, ఫిబ్రవరిలో తను ఏం నొక్కిందో ఈ పిల్లకి తెలిస్తే? అన్నం ముద్ద ఎత్తిన ప్రతిసారీ ఆ వేలు చూసుకుంటుంది. దీన్ని ఎరిగిన తల్లికి అది తెలియదా?

కుడి అరలో మూడేళ్ళ చదువు ఉంది. టేపుల పెట్టెలు బరువుగా లేవు. అదే ఆమెకి బాధగా తోచింది. వాటిలో ఫిబ్రవరివి కూడా ఉన్నాయి. ఒక్కొక్కటే తీసి ఎడమ అరలో పెట్టింది, చప్పుడు కాకుండా, నిద్రపోతున్న పిల్ల గదిలో గిన్నెలు సర్దినట్టు.

మంగళవారం పొద్దున్న ఆఫీసు తెరిచారు, ఎడమ అరలోవన్నీ చెరిపేశారు. పదింటికి ఫాల్దీలా ఇంటికి ఫోన్ చేసింది. ఏడవలేదు.

"నేనే పెట్టుంటానమ్మా. నిద్రమత్తులో తప్పు అరలో పెట్టేశాను."

ఇంకెవరైనా పెట్టి ఉండొచ్చు కదా అంది రుగయ్యా. ఇంకెవరూ లేరమ్మా, నేనే ఉన్నాను అంది ఫాల్దీలా. మళ్ళీ కొలవాలంటే వచ్చే ఈస్టర్ దాకా ఆగాలి. స్కాలర్‌షిప్ జూన్‌తో అయిపోతుంది. కోబస్ పెద్దవాళ్ళ దగ్గరికి వెళ్ళి బతిమాలాడు, ఉత్తరాలు రాశాడు, ఏమీ కాలేదు. ఆయన ఒకసారి రుగయ్యా ఇంటికి వచ్చి ఆమె చేతుల వైపే చూస్తూ టీ తాగాడు. అడగలేదు. వెళ్తూ గుమ్మంలో టోపీ తీశాడు, చావు ఇంట్లో తీసినట్టు.

జూలైలో ఫాల్దీలా కుయిల్స్ రివర్ అనే ఊళ్ళో ఒక బడిలో లెక్కల టీచరుగా చేరింది. ఇప్పుడు గ్యాసు కట్టేసిందా లేదా అని మూడుసార్లు చూసి వస్తుంది. తలుపు తాళం వేసి మళ్ళీ లాగి చూస్తుంది. నా చేతుల్ని నమ్మకూడదమ్మా అని ఒకరోజు నవ్వుతూనే అంది. రుగయ్యా ఆ రోజు వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు ఉల్లిపాయలు తరిగింది.

ఆ నెలాఖరులో తెల్ల వ్యానులో మ్లుంగిసి ఆమెకి చెయ్యి కలిపి మెచ్చుకున్నాడు. పైవాళ్ళు చాలా సంతోషించారట. ఇంక ఒక్క విషయం చెప్పాలన్నాడు, కొంచెం ఇబ్బందిగా.

"టేపులు పోయాయని బాధపడకక్కా. నొక్కేది మీ పిల్లే అని ఇల్సె నాకు ముందే చెప్పింది. పసిదాన్ని ఆడించారని నాకు మాత్రం తెలీదా? దాన్ని ముట్టుకునేవాణ్ణే కాదు. నువ్వు భయపడితేనే బాగా పనిచేస్తావని, ఎవరైనా సరే అరెస్టే అని ఊరికే అన్నాను."

రుగయ్యా కిటికీలోంచి బయటికి చూసింది. ఒడ్డున ఎవరో తల్లి, నీళ్ళల్లోకి పోతున్న బిడ్డని గట్టిగా పిలుస్తోంది.

మ్లుంగిసి ఫైలు ఆమె ఒళ్ళో పెట్టి, చివరి గడి నింపి సంతకం చేయమన్నాడు. మిషన్‌లో జరిగిన నష్టం ఎంత అని ఉంది అక్కడ. రుగయ్యా పెన్ను తీసుకుని, గుండ్రటి అక్షరాలతో, ఏమీ లేదు అని రాసింది.